మంచం మోసిన వాళ్ళం

మొన్న పాల్వంచలో మా వెల్డర్ యాదగిరి రిటైర్మెంట్ విందుకు వెళ్ళి, సగం తిన్న ప్లేటు అక్కడే పెట్టేసి లేచొచ్చేశాను. పిలిచి పెట్టిన అన్నం ముందు నుంచి అలా లేవడం మర్యాద కాదని నాకూ తెలుసు. ఏం చేయమంటారు, నా ఒంటి తీరే అంత. మనసులో ఏదైనా గుచ్చుకుంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేను. బయటికొచ్చి కాలనీ రోడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు తిరిగాను. అయినా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

విందులో జరిగింది ఇదీ. మా కాలనీ ఫుట్‌బాల్ క్లబ్బుకు ఒకప్పటి వీరాభిమానులం నలుగురం ఒకే బల్ల చుట్టూ చేరాం. మేం ఆడినవాళ్ళం కాదు, చూసినవాళ్ళం. ఆట ఉన్న రోజు బి షిఫ్టు పడితే ఎవణ్ణో ఒకణ్ణి బతిమాలి ఎ షిఫ్టుకు మార్చుకుని, మధ్యాహ్నం గేటు దాటగానే నూనె మరకల బట్టలతోనే గ్రౌండ్‌కు పరుగెత్తిన బాపతు. మన టీములో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నోడెవడని ముచ్చట లేచింది. ఒకడు గోల్‌కీపర్ వంకర వేళ్ళ గురించి చెప్పాడు. ఒకడు ముక్కు పగిలిన లెఫ్ట్ బ్యాక్‌ను గుర్తు చేశాడు. యాదగిరి కోడి బొక్క చప్పరిస్తూ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"గియన్నీ ఏం లెక్కరా! మన మంచం తమ్ముని ముంగట ఎవడన్న నిలుస్తడా? ఆఖరికి ఫైనల్‌ల గూడ కాలు ఇరగ్గొట్టుకునే పాయె గద!"

"అవ్ అవ్, కాలే ఇరిగింది," అని మిగతా ఇద్దరూ బల్ల కొట్టి నవ్వారు.

ఆ రోజు అతని కాలు విరగలేదు. వేలు కూడా విరగలేదు. ఆ సంగతి యాదగిరికి తెలుసు, ఎందుకంటే అతన్ని మోసిన మంచానికి ముందు కోడు పట్టుకున్నది తనే. ఆ ఇద్దరికీ తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు.

అతని పేరు రాయను. చర్ల అవతల అడవిలో ఎక్కడో తన ఊళ్ళో పరువుగా బతుకుతున్న మనిషి. నా గోడు వెళ్ళబోసుకోవడానికి అతని పేరు బజార్న పెట్టడం నాకిష్టం లేదు. రెండు వేల రెండో, మూడో, ఆ ప్రాంతంలో మా కరెంటు కంపెనీ బూడిద ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా వచ్చాడు. కోయ పిల్లగాడు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళు మాత్రం మనిషికి మించి పెద్దవి. షిఫ్టు దిగి, కనుబొమల మీద బూడిద కడుక్కోకుండానే వచ్చి గ్రౌండ్ అంచున గొంతుక్కూర్చునేవాడు. ఒకరోజు బంతి బయటికి దొర్లుకుంటూ వస్తే లేచి ఉత్త కాలితో తన్నాడు. అది గ్రౌండ్ మొత్తం దాటి అవతలి గోలు వెనక కంచెలో పడింది. మా కోచ్ నోరు తెరుచుకుని అటు చూశాడు. మేం ఇటు, ఆ తన్నినవాడి వైపు చూశాం. కిందపడి బొటనవేలు పట్టుకుని నవ్వుతున్నాడు. గోరు లేచిపోయింది. అదీ మా మొదటి పరిచయం. ఆ తర్వాత నాలుగేళ్ళూ అదే కథ.

ఏ మాటకా మాట, అతను బంతి పట్టుకుంటే మాకు కడుపు నిండేది. గడ్డిలో పాము పోయినట్టు ముగ్గురి మధ్య నుంచి పోయేవాడు. కానీ ఎంత చక్కగా ఆడేవాడో అంత తేలిగ్గా విరిగేవాడు. వీడి ఎముకలు వెదురువా, కందికట్టెవా అని మేం వాదులాడుకునేవాళ్ళం. బంతి దగ్గర లేనప్పుడు కూడా పడేవాడు. ఒకసారి గోలు కొట్టిన సంబరంలో ఎగిరి, దిగడం కుదరక మడమ బెణికించుకున్నాడు. గోలు కొట్టి దెబ్బ తగిలించుకునేవాణ్ణి ఏమని తిడతాం, ఏమని పొగుడుతాం?

తన దెబ్బలకు ఊళ్ళ పేర్లు పెట్టుకున్నాడు. ఏ ఊరి గ్రౌండ్‌లో తగిలితే ఆ పేరు. ఎడమ మడమ ముదిగొండ. కుడి భుజం ఎర్రుపాలెం. మోకాలు మణుగూరు. "ఇయ్యాల ఎర్రుపాలెం గుంజుతున్నదన్నా, వాన పడ్తది," అనేవాడు. పడేది కూడా. టీ కొట్టు దగ్గర కనపడితే మేం "ఎట్లున్నవ్ తమ్మీ" అని అడగడం మానేసి, "ఏ ఊరు నొస్తున్నది?" అని అడిగేవాళ్ళం. జిల్లా మొత్తం ఒంటి మీద మోస్తున్నాననేవాడు గర్వంగా. ఏప్రిల్, మే వచ్చిందంటే బీడీల తునికాకు తెంపడానికి ఊరికి వెళ్ళిపోయేవాడు. మాకేమో అప్పుడే టోర్నమెంట్లు. ఆకు ముఖ్యమా, ఆట ముఖ్యమా అని నేను మండిపడితే, "ఆకు ఆగదన్నా, ముదురుతది," అని వినయంగా చెప్పి బస్సెక్కేవాడు.

పడినప్పుడు అతనికొక పద్ధతి ఉండేది. వెంటనే లేచేవాడు కాదు, అరిచేవాడూ కాదు. బోర్లా పడుకుని, కళ్ళు మూసుకుని, ముందు కాలివేళ్ళు కదిపేవాడు. తర్వాత మడమలు, మోకాళ్ళు, చేతులు. ఇంటికి తాళం వేసేముందు ఒక్కో గదీ చూసుకున్నట్టు ఒంటినంతా చూసుకునేవాడు. ఎవరైనా ముట్టుకోబోతే, "ఆగుండ్రి, సూస్కోనియ్యుండ్రి," అనేవాడు. మేం ఆగితే కదా.

ఇక మంచం సంగతి. మా గ్రౌండ్‌లో మొదటిసారి అతని కాలు విరిగినప్పుడు మోసుకెళ్ళడానికి ఏమీ లేక, వాచ్‌మన్ గుడిసె ముందున్న నులక మంచం లాక్కొచ్చాం. తలో కోడు పట్టుకుని నలుగురం దవాఖానా దాకా మోశాం. రెండోసారీ అదే మంచం. మూడోసారికి దాన్ని తెచ్చి గీత పక్కనే వేసుకున్నాం. ఆట మొదలయ్యే ముందు జెండాలు, బంతి, మంచం, మూడూ సిద్ధంగా ఉండాలి. అతను పడగానే మాలో ఒకడు "మంచం!" అని కేక పెట్టడం, గ్రౌండంతా అందుకోవడం, మేం నలుగురం లోపలికి ఉరకడం. చివరికి అదొక తమాషా అయిపోయింది. అవతలి టీము వాళ్ళు కూడా మంచం, మంచం అని అరిచి చప్పట్లు కొట్టేవాళ్ళు. మోస్తుంటే అతనికి ఎక్కడలేని సిగ్గు. "దింపుండ్రి అన్నా, నడుస్త, దింపుండ్రి," అని ప్రతిసారీ మొత్తుకునేవాడు. విరిగిన కాలేసుకుని ఏం నడుస్తావురా అని మేం నవ్వుతూ మోసేవాళ్ళం. నిజం చెప్పాలంటే మాకది ఇష్టంగా ఉండేది. ఆటగాడు మా భుజాల ఎత్తున ఉంటే మేమూ ఆటలో ఉన్నట్టు అనిపించేది.

ఇష్టం లేనిది అతని భార్యకు. ఆమె కార్నర్ జెండా దగ్గర చేతులు కట్టుకుని నిలబడేది, కూర్చునేది కాదు. కాంట్రాక్టు కూలీకి పడుకున్న రోజున పని ఉండదు. కట్టు కట్టుకుని అతను రేకుల షెడ్డులో పడుంటే ఆమె వాటా పని కాక అతని వాటా కూడా నెత్తిన పడేది. ఒకసారి మందులు పట్టుకుని వెళ్ళాను. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు, నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది.

"మీకు ఆట గావాలె, నాకు మనిషి గావాలె. ఈన ఒక్కడే ఉన్నడు, ఎట్ల జేద్దాం చెప్పన్నా?"

మందులు గడప మీద పెట్టి వచ్చేశాను.

ఇలా ఉండగా కంపెనీలో ఆటగాళ్ళ కోటా కింద ఒక పర్మనెంట్ నౌకరి పడింది. పర్మనెంట్ అంటే కాలనీలో క్వార్టరు, దవాఖానా కార్డు, కాంట్రాక్టరు మారినా ఊడని పని. రేకుల షెడ్డు నుంచి కాలనీ గోడకు ఇవతలికి రావడం. ఆటలు చూసే ఇంజనీరు సారు మధిర వైపు మనిషి, మాట మెత్తగా ఉండేది, పట్టు మాత్రం గట్టిది. కోచ్ అతని పేరు చెబితే, మేమంతా పక్కన ఉండగానే అన్నాడు.

"కుర్రాడి ఆట బావుంటుందయ్యా, నేను కాదనను. కానీ ఎప్పుడు చూసినా మంచం మీదే పోతుంటాడు. మెడికల్ దగ్గర నన్నడుగుతారు. వచ్చే నెల టోర్నమెంటు ఫైనల్ నేను కూర్చుని చూస్తా. చివరి విజిల్ దాకా కాళ్ళ మీద నిలబడమనండి, పేరు రాసి పంపిస్తా."

గెలవాలని కూడా అనలేదు, గోలు కొట్టాలనీ అనలేదు. నిలబడితే చాలన్నాడు.

ఆ నెల రోజులు మేం అతన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాం. "పైలం తమ్మీ, పైలం," అని జాగ్రత్తలు చెబుతూ సైకిలు ఎక్కనివ్వలేదు. వాన పడితే రోడ్డు దాటనివ్వలేదు. బూడిద ప్లాంటులో మెట్లెక్కే పనికి యాదగిరి బతిమాలి ఇంకొకణ్ణి పెట్టించాడు. తునికాకు కాలం వచ్చింది, మొదటిసారి అతను ఊరికి పోలేదు. వాళ్ళమ్మ ఒక్కతే అడవికి పోతున్నదని కబురు వస్తే రోజంతా బంతి ముట్టలేదు. ఆడించాల్సిన వాణ్ణి గుడ్డు మోసినట్టు మోశాం. పొద్దున్నా సాయంత్రం వెళ్ళి, "ఎట్లున్నది? నొస్తలేదు గద?" అని అడుగుతుంటే ఒకరోజు విసుక్కున్నాడు. "మీరు అడుగుతుంటేనే భయమైతుందన్నా. జర నన్ను వొదిలేయుండ్రి."

ఫైనల్ రోజు వచ్చింది. నేను కూర్చోలేదు. గీత వెంబడి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. మంచం మామూలు చోటనే వేసి ఉంది. ఇయ్యాల తెద్దామా వద్దా అని యాదగిరి అడిగితే, "ఉండనీ, ఎందుకైనా మంచిది," అన్నది నేనే. ఆ మాటకు ఇప్పటికీ నా నాలుక కొరుక్కుంటాను.

మొదటి సగం చక్కగా గడిచింది. రెండో సగంలో అతను ఒక గోలు కొట్టించాడు, ఒకటి తను కొట్టాడు. ఈసారి ఎగరలేదు. నెమ్మదిగా నడిచి తన చోటుకు వెళ్ళాడు, అడుగు తీసి అడుగు వేస్తూ. గోడ నీడలో కుర్చీ వేసుకున్న ఇంజనీరు సారు నవ్వాడు. కార్నర్ జెండా దగ్గర అతని భార్య మొదటిసారి చేతులు విప్పి చప్పట్లు కొట్టింది. ఇంకో పది నిమిషాలు. అంతే, పది నిమిషాలు.

మా ముందే జరిగింది. పైనుంచి వస్తున్న బంతికి తలపెట్టడానికి ఎగిరాడు. అవతలివాడూ ఎగిరాడు. ఇద్దరి భుజాలూ తగిలి కిందపడ్డారు. అవతలివాడు లేచి నిక్కరు దులుపుకున్నాడు. మావాడు లేవలేదు. బోర్లా పడి ఉన్నాడు, కళ్ళు మూసుకుని.

"మంచం!"

ఆ కేక నాదే. ఆలోచించి వేసింది కాదు. నాలుగేళ్ళ అలవాటు గొంతులో కూర్చుని ఉంది, దానంతటదే బయటికి తన్నుకొచ్చింది. గ్రౌండంతా అందుకుంది. రిఫరీ విజిల్ ఊదకముందే మేం లోపల ఉన్నాం. నలుగురం నాలుగు కోళ్ళు, ఎత్తు, పరుగు. అతను ఏదో అరుస్తున్నాడు. "దింపుండ్రి! ఏం గాలె, దింపుండ్రి!" ఎప్పుడూ అనేదే కదా అది. మేం వినలేదు. కోచ్‌కు కూడా అదే అలవాటు. మంచం లేవగానే బెంచీ మీదున్న ఇంకో పిల్లగాణ్ణి లోపలికి తోశాడు. రిఫరీ చీటీ మీద నంబరు రాసుకున్నాడు.

గీత దాటి మంచం దింపామో లేదో, అతను ఒక్క గెంతులో లేచి నిలబడ్డాడు. నిలబడడమే కాదు, గీత దాకా పరుగెత్తాడు. రిఫరీ అడ్డంగా చెయ్యి ఊపాడు. ఒకసారి బయటికి పోయి బదులు మనిషి దిగాక మళ్ళీ రావడం కుదరదు, ఆట రూలే అది. అతనికి తెలుసు, మాకూ తెలుసు. అయినా అతను రిఫరీ వైపు చూడలేదు. కుర్చీలో ఉన్న ఇంజనీరు సారు వైపు తిరిగి, ఉన్నచోటనే ఎగరడం మొదలుపెట్టాడు. రెండు కాళ్ళ మీదా. తర్వాత ఒక్క కాలి మీద, తర్వాత ఇంకో కాలి మీద. "సూడుండ్రి సార్! ఏం గాలె సార్! మంచిగున్న, సూడుండ్రి!" జనం అదీ తమాషా అనుకుని ఈలలు వేశారు. సారు కాసేపు చూశాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆట మేమే గెలిచాం. కప్పు వచ్చింది, లడ్డూలు పంచారు. అతని భార్య గ్రౌండ్ చుట్టూ నడిచి మా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఈసారి ఏం ఇరగలె గదన్నా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరెందుకు మోసిన్రు?"

అతను ఇంకా ఎగురుతూనే ఉన్నాడు, మెల్లగా, ఎవరూ చూడకపోయినా. ఆమె వెళ్ళి చెయ్యి పట్టుకుంటే ఆగాడు.

మర్నాడు మేం నలుగురం ఇంజనీరు సారు ఆఫీసుకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాం. తప్పు మాదేనని, దెబ్బే తగల్లేదని, ఇంకొక్క అవకాశం ఇవ్వమని అడిగాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"నాలుగేళ్ళుగా దగ్గరుండి చూసింది మీరు. ఆ కుర్రాడు లేస్తాడని మీకే నమ్మకం లేదు. నేను ఏమని నమ్మి సంతకం పెట్టాలయ్యా?"

ఆ నౌకరి వేరే ఊరి ఆటగాడికి వెళ్ళింది. వానాకాలం మొదట్లో అతను భార్యతో సహా సామాను కట్టుకుని ఊరికి వెళ్ళిపోయాడు. చెప్పి వెళ్ళలేదు. బూట్లు క్లబ్బు గదిలో వదిలి వెళ్ళాడని కోచ్ చెప్పాడు. ఆ తర్వాత మేం ఆటలకు వెళ్ళడం తగ్గింది. వెళ్ళినా మంచం మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కాలం గడిచేకొద్దీ ఎక్కడ మొదలైందో ఏమో, అతని కాలు విరిగింది కాబట్టే నౌకరి పోయిందన్న కథ ఒకటి లేచింది. మాకు హాయైన కథ. యాదగిరి దాన్ని నమ్మేశాడు. నమ్మనీ, నేను తప్పు పట్టను. నాకు మాత్రం వంటబట్టలేదు.

ఎందుకంటే అతన్ని తర్వాత ఒకసారి కలిశాను. ఈ సంగతి మిగతా ముగ్గురికీ చెప్పలేదు.

ఏడాదిన్నర తర్వాత పాల్వంచ నుంచి భద్రాచలం మీదుగా చర్ల దాటి పోయే బస్సులో వెళ్తున్నాను. బూర్గంపాడు దాటాక వెనక సీటు నుంచి ఎవరో భుజం తట్టారు. చూస్తే అతను. కాస్త ఒళ్ళు చేశాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇంటి సంగతులు చెప్పుకున్నాం. పొలం చేస్తున్నానన్నాడు, అమ్మ బాగుందన్నాడు. ఊళ్ళో ఆడపిల్లలకు బంతి నేర్పుతున్నానని చెప్పి నవ్వాడు. నేనే గుండె రాయి చేసుకుని అడిగాను, దెబ్బలేమైనా తగిలాయా అని.

"ఒక్కటి గూడ లేదన్నా. వచ్చినంక ఒక్కసారి గూడ పడలె."

కిటికీ బయటికి చూస్తూ అడిగాడు.

"ఆ దినం ముందుగాల మంచమని ఒర్రింది ఎవలన్నా?"

"ఏమో తమ్మీ," అన్నాను. "లొల్లిల ఎవలో అన్నరు. గంత మందిల ఎట్ల తెలుస్తది?"

"అవ్ లే," అన్నాడు. ఇంకొంత దూరం పోయాక, కోపం లేని గొంతుతో, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పాడు. "లేస్తనే ఉన్నన్నా నేను. చెయ్యి గూడ భూమికి ఆనించిన. గప్పుడే నీ గొంతు ఇనొచ్చింది."

తెలిసే అడిగాడు. నాకొక దారి ఇద్దామని అడిగాడు, నేను ఆ దారి మూసేశాను. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. తన మలుపు రాగానే అతను లేచి, కండక్టరును కేకేసి, తేలిగ్గా దిగిపోయాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. నేనే ఒర్రిన తమ్మీ, నేనే అని చెప్పేద్దామని నోరు తెరిచాను. బస్సు కదులుతోంది. అతను తల ఎత్తి నా వైపు చూస్తున్నాడు.

"పైలం తమ్మీ," అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. "ఇంకా పైలమేనా అన్నా?" అన్నాడు.